టైరు పెరిగితే గేరు తగ్గుతుంది: ఫోర్ వీల్ బండ్ల మీద మీ ప్రశ్నలు

తొలకరి పడిందంటే ఈ పేజీకి వచ్చే ఉత్తరాల తీరే మారిపోతుంది. ఎండాకాలమంతా ఏసీ, మైలేజీ అని అడిగినవాళ్ళే ఇప్పుడు బురద, వాగు, ఘాట్ రోడ్డు అని రాస్తారు. ఈసారి చాలామంది ఒకే మాట రకరకాలుగా అడిగారు: పికప్పో జిప్సీయో కొన్నాం, దూర ప్రయాణాలకు తయారు చేసుకుంటున్నాం, ఏ టైర్లు వేయించాలి అని. మా బండి హౌసింగ్ నిష్పత్తి (ఇరుసు మధ్య ఉండే గేర్ల డబ్బాయే హౌసింగ్; చక్రం ఒక చుట్టు తిరగడానికి ఇంజన్ వైపు నుంచి వచ్చే షాఫ్టు ఎన్ని చుట్లు తిరగాలో ఆ లెక్కే నిష్పత్తి) ఇంత అని మాత్రం ఒక్కరూ రాయలేదు. అందుకే ఈ నెల పేజీ మొత్తం దీనికే ఇస్తున్నాను. మొదటి జవాబు పొడుగ్గా ఉంటుంది, ఓపిగ్గా చదవండి, మిగతావాటికి అదే పునాది.

ప్రశ్న: అన్నా, నమస్తే. ఈమధ్యే సెకండ్ హ్యాండ్‌లో డీజిల్ ఫోర్ వీల్ పికప్ తీసుకున్నాను. వెనక డబ్బాకు కప్పు కట్టించి, లోపల పడుకోవడానికి పలకలు, వంట సామాను, నీళ్ళ క్యాన్లు పెట్టుకుని ముందు ఏటూరునాగారం, ఆదిలాబాద్ వైపు, తర్వాత ఎప్పుడైనా లదాఖ్ దాకా పోవాలని ఉంది. ఇప్పుడు 235/75 ఆర్ 15 టైర్లున్నాయి, అరిగిపోయాయి. 31 ఇంచుల టైర్లు వేయిస్తే బండి ఎత్తుగా ఉంటుంది, ఎక్కడైనా పోతుంది అని మా వాళ్ళంటున్నారు. వేయించనా? (హన్మకొండ)

జవాబు: వేయించొద్దు తమ్ముడూ. కనీసం ఇప్పుడే వద్దు. ఎందుకో లెక్క వేసి చూద్దాం.

మీ టైరు ఎత్తు ఎంత? 235 మిల్లీమీటర్ల వెడల్పులో 75 శాతం అంటే పక్కగోడ 176 మిల్లీమీటర్లు, అది పైన ఒకటి కింద ఒకటి, మధ్యలో 15 ఇంచుల రిమ్ము 381 మిల్లీమీటర్లు. మొత్తం కలిపితే 733. మీరు వేయిద్దామనుకుంటున్న 31 ఇంచులు అంటే 787. తేడా 54 మిల్లీమీటర్లు, కానీ అందులో ఇరుసు కింద మీకు దక్కేది సగమే, 27 మిల్లీమీటర్లు. బొటనవేలు వెడల్పు కన్నా కాస్త ఎక్కువ, అంతే. దానికి మీరు చెల్లించే ధర చూడండి. చక్రం చుట్టుకొలత 7 శాతం పైగా పెరిగింది, అంటే ఇంజన్ అదే తిప్పుడులో బండిని 7 శాతం ఎక్కువ దూరం లాగాలి. మీ హౌసింగ్‌లో క్రౌన్ పినియన్ (షాఫ్టు తిప్పుడును చక్రాలకు అందించే గేర్ల జత) నిష్పత్తి 4.3 అనుకోండి, టైర్లు మార్చిన రోజు నుంచి అది 4.0 ఉన్నట్టు నడుస్తుంది. ఎవరూ హౌసింగ్ విప్పలేదు, బోల్టు కూడా ముట్టలేదు, అయినా గేర్లన్నీ బరువెక్కాయి, ఫస్ట్ నుంచి రివర్స్ దాకా.

హైవే మీద ఐదో గేరు 0.8 అనుకుంటే, 80 వేగంలో పాత టైర్లతో ఇంజన్ నిమిషానికి సుమారు 1,990 చుట్లు తిరుగుతుంది, కొత్తవాటితో 1,855 దగ్గర ఉంటుంది. ఖాళీ బండికి ఇది బాగానే ఉంటుంది, డీజిల్ మిగులుతుంది కూడా అంటారు. కానీ మీ బండి ఖాళీ కాదు. పైకప్పు, పలకలు, నీళ్ళు, గ్యాస్ బండ, నలుగురు మనుషులు. చిన్న ఎక్కుడు రాగానే టర్బో ఊపందుకునే చోటు నుంచి ఇంజన్ కిందికి జారిపోతుంది, మీరు నాలుగో గేరుకు దిగుతారు, ఇక ఆ రోడ్డంతా నాలుగుకీ ఐదుకీ మధ్య చెయ్యి ఆడుతూనే ఉంటుంది. మీటరు కూడా తప్పు చూపిస్తుంది, 80 అని చూపిస్తే నిజానికి 86 దగ్గర పోతున్నారు. పైగా పెద్ద టైరు బరువు కాబట్టి ఆపడానికి బ్రేకులు ఎక్కువ కష్టపడాలి.

ఇదంతా పుస్తకం చదివి చెప్పట్లేదు. నా మొదటి బండికి ఇదే పని చేశాను. మంచి నల్లటి 31 ఇంచుల టైర్లు వేయించి, ఐదుగురం, టెంట్లు, రెండు పెద్ద నీళ్ళ క్యాన్లతో ఆసిఫాబాద్ నుంచి ఉట్నూరుకు కెరమెరి ఘాట్ ఎక్కుతున్నాం. ఒక మలుపులో పై నుంచి బస్సు దిగుతుంటే ఆగాను. మళ్ళీ కదలాలి. ఫస్ట్ గేరులో సగం క్లచ్ మీద లాగితే బండి కదిలింది గానీ లోపలికి గోనెసంచి కాలిన వాసన వచ్చింది. తర్వాత మలుపులోనూ అదే. మూడో మలుపు దాటాక ఇంజన్ అరుస్తోంది, బండి మాత్రం నడిచే మనిషి కన్నా మెల్లగా పోతోంది. దిగి, ఆరబెట్టి, ఆగి ఆగి ఎక్కించి, ఎలాగో తెచ్చుకున్నాం. మెకానిక్ క్లచ్ ప్లేటు తీసి నా చేతిలో పెట్టాడు. పైన మందం అంతా పోయి నల్లగా అద్దంలా మెరుస్తోంది, రివెట్ల తలలు వేలికి తగులుతున్నాయి. అంతకు ముందు అదే బండి, అంతే బరువుతో, పాత టైర్ల మీద అదే ఘాట్ ఎన్నోసార్లు ఎక్కింది. మారింది టైర్లే.

సరే, పెద్ద టైర్లు కావాల్సిందే అనుకుంటే దానికి దారి ఉంది, క్రౌన్ పినియన్ మార్చడం. 4.3 ఉన్న చోట 4.6 దగ్గర వేస్తే పోయిన గేరు తిరిగి వస్తుంది. ఇక్కడ రెండు జాగ్రత్తలు. ఒకటి, ముందు హౌసింగ్, వెనక హౌసింగ్ రెండూ ఒకే నిష్పత్తికి మార్చాలి, డబ్బులు ఆదా అని వెనకది మాత్రం మార్చి ఫోర్ వీల్ వేస్తే రెండు ఇరుసులూ ఒకదాన్నొకటి గుంజుకుని ట్రాన్స్‌ఫర్ కేసు (ఇంజన్ బలాన్ని రెండు ఇరుసులకూ పంచే గేర్ల పెట్టె) పగులుతుంది. రెండు, పినియన్ అమర్చేటప్పుడు పళ్ళ మధ్య సందు, బేరింగ్ బిగువు వెంట్రుకవాసి తేడా లేకుండా కుదరాలి, లేకపోతే నెల తిరగకముందే హౌసింగ్ నుంచి ఏడుపు మొదలవుతుంది. వరంగల్‌లో ఈ పని బాగా చేసే పాత జీపు మేస్త్రీలు ఇంకా ఉన్నారు, వాళ్ళ దగ్గరికే వెళ్ళండి, అందరి చేతా చేయించకండి.

అన్నిటికన్నా ముందు మీ నిష్పత్తి ఎంతో మీరే చూసుకోండి, పావుగంట పని. చదునైన చోట ముందు చక్రాలకు రాళ్ళు పెట్టి, వెనక రెండు చక్రాలూ లేపి స్టాండ్ల మీద నిలపండి. బండిని టూ వీల్‌లో, న్యూట్రల్‌లో పెట్టండి. టైరు మీద, ప్రొపెల్లర్ షాఫ్టు మీద సుద్దముక్కతో గీత గీసి, ఒకరు ఒక పక్క, ఇంకొకరు ఇంకో పక్క రెండు చక్రాలనూ కలిపి సరిగ్గా ఒక చుట్టు తిప్పండి. షాఫ్టు ఎన్ని చుట్లు తిరిగిందో లెక్కపెట్టండి, నాలుగు చుట్లూ ఇంకాస్త తిరిగితే మీది 4.1 నుంచి 4.3 మధ్య. ఒక్క చక్రమే లేపగలిగితే దాన్ని రెండు చుట్లు తిప్పాలి, ఎందుకంటే రెండోది కదలనప్పుడు డిఫరెన్షియల్ (రెండు చక్రాలనూ వేర్వేరు వేగాల్లో తిరగనిచ్చే గేర్లు) షాఫ్టును సగమే తిప్పుతుంది. ఈ అంకెను ఫస్ట్ గేరు నిష్పత్తితో, ట్రాన్స్‌ఫర్ కేసులోని ‘లో రేంజ్’ (బండిని మెల్లగా, ఎక్కువ బలంతో లాగే గేరు) నిష్పత్తితో గుణించండి. 4, 2.5, 4.3 అయితే 43 వస్తుంది. ఆ అంకే మీ బండి పాకే శక్తి. 43 ఉంటే ఇంజన్ 1,000 చుట్ల మీద బండి గంటకు 3 కిలోమీటర్ల పైచిలుకు వేగంతో, మనిషి తీరిగ్గా నడిచినట్టు పోతుంది. రాళ్ళ దారిలో, దిగుడులో బ్రేకు ముట్టకుండా దిగడానికి అది చాలు. 30 దగ్గర వస్తే మాత్రం పెద్ద టైరు మాట మర్చిపోండి.

నా సలహా: అదే 235/75 ఆర్ 15 సైజులో, ఏటీ రకం (ఆల్ టెర్రెయిన్, అంటే రోడ్డుకూ మట్టికీ పనికొచ్చేది), బరువు మోసే ఎల్‌టీ (లైట్ ట్రక్) కట్టుబడి ఉన్న టైర్లు ఐదు తీసుకోండి, స్టెప్నీతో కలిపి. స్టెప్నీ వేరే సైజు ఉంటే ఫోర్ వీల్ బండిలో అది స్టెప్నీ కాదు. ఇంకో మాట, మోటారు వాహనాల చట్టం 1988 లోని సెక్షన్ 52 ప్రకారం కంపెనీ ఇచ్చిన వివరాలకు భిన్నంగా బండిని మార్చడానికి వీల్లేదు, 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా అదే చెప్పింది. వెనక కప్పు కట్టించే ముందు కూడా రవాణా ఆఫీసులో అడిగి, కాగితం మీద ఎక్కించుకోండి. ప్రమాదం జరిగితే ఇన్సూరెన్సువాళ్ళు మొదట చూసేది అదే.

ప్రశ్న: సార్, మాది భూపాలపల్లి దగ్గర పల్లె. పత్తి చేనుకు పోయే దారి రెండు కిలోమీటర్లు నల్లరేగడి. ఫోర్ వీల్ జీపు ఉండి కూడా పోయిన వానాకాలం మూడుసార్లు దిగబడ్డాను, ట్రాక్టరుతో లాగించుకున్నాను. వెడల్పు టైర్లు వేస్తే తేలుతుందని ఒకరు, ఎంటీ (మడ్ టెర్రెయిన్, బురద) టైర్లు వేయమని ఒకరు చెప్తున్నారు. ఏది నిజం? (భూపాలపల్లి జిల్లా)

జవాబు: రెండింటిలోనూ కొంత నిజం ఉంది, కానీ మీ నేలకు రెండూ పూర్తిగా సరిపోవు. బురద అంటే అన్ని చోట్లా ఒకటే కాదు కదా. మన దగ్గర చెల్క (ఎర్ర ఇసుక) నేలలో వాన వెలిసిన గంట, రెండు గంటల్లో నీళ్ళు ఇంకిపోతాయి, పైన జారుడు ఉన్నా జానెడు కింద గట్టి మొరం తగులుతుంది. అక్కడ సన్నటి టైరే మంచిది, బురదను కోసుకుంటూ దిగి కింది గట్టిని పట్టుకుంటుంది. పాత జీపులకు 6.00-16 లాంటి సన్నటి, ఎత్తైన టైర్లు ఉండేవి, అవి చెల్క దారుల్లో ఎంత బాగా పోయేవో పెద్దవాళ్ళను అడగండి. వెడల్పు టైరు అదే బురద మీద తేలి, స్టీరింగ్ ఎటు తిప్పినా నేరుగా కాలువలోకి జారుతుంది.

రేగడి కథ వేరు. అందులోని బంకమన్ను నీళ్ళు తాగి ఉబ్బుతుంది, ఎండితే పగుళ్ళు తీస్తుంది, అది మీకు నేను చెప్పాల్సిన పని లేదు. బాగా తడిసిన రేగడికి అడుగు అంటూ దొరకదు, సన్నటి టైరు దిగుతూనే పోతుంది, హౌసింగ్ నేలకు ఆనుతుంది, అక్కడితో సరి. పైగా అది అంటుకుంటుంది. ఒకసారి దిగబడ్డప్పుడు కిందికి దిగి టైరు చూడండి. పది చుట్లు తిరిగాక దాని మీద గాడి అన్నదే కనబడదు, సందులన్నీ పూడిపోయి, మెత్తి, గోడకు కొట్టిన పిడకలా నున్నగా ఉంటుంది. ఆ సమయంలో మీరు వేసుకున్నది ఏటీ అయినా ఎంటీ అయినా అరిగిన టైరైనా ఒకటే. ఎంటీ టైరు గొప్పతనం గాడి లోతులో లేదు, గాళ్ళ మధ్య ఖాళీలో ఉంది, చక్రం కాస్త వేగంగా తిరిగితే ఆ ఖాళీలోంచి మట్టి ఊడి పడుతుంది. అందుకని రేగడిలో లో రేంజ్ ఫస్ట్ గేరులో పాకడం తప్పు, లో రేంజ్ సెకండో థర్డో వేసి, చక్రం తిరిగే ఊపు తగ్గకుండా, ఆగకుండా పోవాలి. ఇక్కడ కూడా సంగతి గేరు దగ్గరికే వచ్చింది చూశారా, టైరు పెద్దది వేసి గేరు బరువు చేసుకుంటే లో రేంజ్‌లో థర్డ్ లాగదు, సెకండ్ సరిపోదు.

మీ దగ్గర ట్రాక్టరుకు పొలం దమ్ము చేసేటప్పుడు ఇనప కడ్డీల కేజ్ వీల్ వేస్తారు కదా, ఎందుకు వేస్తారు? మట్టి దాంట్లో నిలవకుండా కడ్డీల సందుల్లోంచి పోతుంది, బరువు వెడల్పుగా పరుచుకుంటుంది. మనకు ఆ రెండూ కావాలి, కేజ్ వీల్ వేసుకోలేం కాబట్టి మిగిలింది గాలి. రోడ్డు మీద 32 పౌండ్లు ఉంటే ఆ రెండు కిలోమీటర్లకు 20కి, మరీ ఘోరంగా ఉంటే 18కి తగ్గించండి. టైరు నేలకు ఆనే భాగం ముందుకూ వెనక్కూ పొడుగవుతుంది, రబ్బరు వంగి నిటారవుతున్నప్పుడు గాళ్ళలో మట్టి కూడా ఊడుతుంది. రూపాయి ఖర్చు లేదు. 20 పౌండ్ల మీద గంటకు 30 దాటకండి, మలుపులో గట్టిగా తిప్పకండి, రోడ్డెక్కగానే మళ్ళీ గాలి కొట్టుకోండి, సిగరెట్ లైటర్‌కు పెట్టే చిన్న కంప్రెసర్ చాలు.

ఎంటీ వేయాలా అంటే, సంవత్సరంలో ఎన్ని రోజులు ఆ దారిలో పోతారో, ఎన్ని రోజులు వరంగల్ రోడ్డు మీద పోతారో చూసుకోండి. ఎంటీ టైరు తడిసిన తారు మీద ఆలస్యంగా ఆగుతుంది, పెద్ద పెద్ద దిమ్మెలు కావడంతో రోడ్డుకు ఆనే రబ్బరు తక్కువ. చప్పుడు ఎక్కువ, తొందరగా అరుగుతుంది. మీకు దిగబడే దారి రెండు కిలోమీటర్లే, తారు రోడ్డు అరవై కిలోమీటర్లు అయితే ఏటీ వేసుకుని గాలి తగ్గించడం నేర్చుకోవడమే మంచిది. ఒక మనవి కూడా ఉంది: బాగా నానిన రోజు ఆ దారిలో బండి తీయకండి. మీరు కోసిన గాడి ఎండాక రాయిలా గట్టిపడి, మళ్ళీ వాన దాకా ఎడ్లబండ్లను, సైకిళ్ళను ఇబ్బంది పెడుతుంది. ఆ దారి అందరిదీ.

ప్రశ్న: వానాకాలమంతా ఫోర్ హైలోనే (నాలుగు చక్రాలకూ బలం, గేర్లు మామూలువే) నడిపితే సేఫ్ కదా? స్టీరింగ్ కొంచెం బిగుసుకుంటోంది, మలుపులో ఏదో టక్ మంటోంది. (కరీంనగర్)

జవాబు: ఆ టక్ మనేది మీ బండి మిమ్మల్ని ఆపమని అడగడం. మన పికప్‌లలో ఎక్కువ వాటికి మధ్యలో డిఫరెన్షియల్ ఉండదు, ఫోర్ వీల్ వేయగానే ముందు ఇరుసు, వెనక ఇరుసు ఒకే వేగంతో తిరగాల్సిందే. మలుపులో ముందు చక్రాలు ఎక్కువ దూరం పోవాలి, తారు మీద టైరు జారదు, ఆ తేడా అంతా షాఫ్టుల్లో మెలికలా పేరుకుంటుంది. మట్టి రోడ్డు మీద, మొరం మీద, బురదలో వేయండి, తారు తడిసినంత మాత్రాన వద్దు. ముందు హబ్బులు (చక్రాన్ని ఇరుసుకు కలిపే భాగాలు) చేత్తో తిప్పి లాక్ చేసే రకమైతే ఒక సౌకర్యం ఉంది, హబ్బుల లాక్ తీసి ఉంచి ‘ఫోర్ లో’ (ఫోర్ వీల్, లో రేంజ్) వేస్తే వెనక చక్రాలకే లో గేరు వస్తుంది, ఘాట్ మలుపులో బరువుతో బండిని కదిలించడానికి, రివర్స్‌లో ఎక్కుడు ఎక్కించడానికి పనికొస్తుంది. నిదానంగా వాడండి, బలమంతా వెనక ఇరుసు మీదే పడుతుంది. రెండు కొత్త టైర్లు, రెండు పాత టైర్లు కలిపి తిప్పడం కూడా ఇదే రోగం తెస్తుంది, కాబట్టి ఐదు టైర్లనూ వరసగా మార్చుకుంటూ సమానంగా అరగనివ్వండి.

ప్రశ్న: నా దగ్గర పాత పెట్రోల్ జిప్సీ ఉంది, 1300 సీసీ. వచ్చే జూన్‌లో లదాఖ్ పోవాలని. పెద్ద టైర్లు, పైన క్యారియర్, రెండు జెర్రీ క్యాన్లు అనుకుంటున్నాను. (నిజామాబాద్)

జవాబు: జిప్సీ నాకు చాలా ఇష్టమైన బండి. మన సైన్యం ఏళ్ళ తరబడి దాన్ని ఆ కొండల్లోనే నడిపింది, కాబట్టి పోగలదా అన్న టెన్షన్ అక్కర్లేదు. కానీ టర్బో లేని ఇంజన్‌కు ఎత్తు పెద్ద శత్రువు. లదాఖ్‌లోని ఖర్దుంగ్ లా కనుమ ఎత్తు 5,359 మీటర్లు, అక్కడ గాలి మనూళ్ళో ఉన్నదానిలో సగం కొంచెం పైన ఉంటుంది. ఇక్కడ 80 గుర్రాల బలం ఇచ్చే ఇంజన్ అక్కడ నలభై, నలభై అయిదు ఇస్తే గొప్ప. సగం ఇంజన్‌తో ఎక్కే బండికి పెద్ద టైరు కట్టడం అంటే ఆయాసపడే మనిషి వీపున ఇంకో మూట పెట్టడమే. కంపెనీ సైజే ఉంచండి. క్యారియర్ మీద బరువు వద్దు, జిప్సీ సన్నటి బండి, పైన యాభై కిలోలు పెడితే వంపుల్లో ఒరుగుతుంది, బరువైనవన్నీ వెనక సీటు కింద, నేలకు దగ్గరగా సర్దండి. మంచు కరిగిన నీళ్ళు పారే రాళ్ళ దగ్గర మొహమాటపడకుండా ఫోర్ లో వేసి సెకండ్‌లో మెల్లగా దాటండి. అన్నట్టు, ఇక్కడ 28 పౌండ్లు పెట్టుకున్న టైరు అంత ఎత్తులో బయటి గాలి పలచబడి ఇంకా బిగుసుకుంటుంది, చలికి కొంచెం తగ్గుతుంది, అక్కడ పొద్దున్నే చల్లగా ఉన్నప్పుడు మీటరుతో చూసి సరిచేసుకోండి. తిరిగి మైదానానికి దిగాక మళ్ళీ చూడడం మర్చిపోవద్దు.

ప్రశ్న: కాళేశ్వరం దగ్గర గోదావరి ఇసుకలోకి బండి తీసుకుపోవచ్చా? చిన్న ఫోర్ వీల్ బండి, 195/80 ఆర్ 15 టైర్లు. (మంథని)

జవాబు: బండికి చేతనవుతుంది, కానీ నది మీరనుకున్నట్టు ఉండదు. ఇసుక తవ్విన గుంతలు నీళ్ళు నిండి పైకి చదునుగా కనబడతాయి, తడి ఇసుక కింద మెత్తగా జారుతుంది. అక్కడి అధికారులను అడగకుండా, ముందు నడిచి చూడకుండా దిగకండి, వానాకాలంలో అసలే వద్దు. ఎండాకాలంలో పొడి ఇసుక మీదైతే 15, 16 పౌండ్లకు తగ్గించి, లో రేంజ్ సెకండ్ గేరులో ఒకే ఊపున పోండి. ఆగేటప్పుడు బ్రేకు వేయకుండా, యాక్సిలేటర్ వదిలేసి దానంతట అదే ఆగనివ్వండి, బ్రేకు వేస్తే టైరు ముందు ఇసుక కట్టలా పేరుకుంటుంది. చక్రం తిరిగి బండి కదలకపోతే అదే క్షణంలో ఆపండి. ఇంకో రెండు క్షణాలు తిప్పితే ఇరుసు దాకా దిగుతుంది.

ప్రశ్న: అన్నయ్యా, నేను ఉట్నూరు వైపు గూడేల్లో వైద్య శిబిరాలు పెట్టే బృందంలో పని చేస్తాను, బండి నేనే నడుపుతాను. మందుల పెట్టెలు, మంచాలు, జనరేటర్ కలిపి నాలుగు వందల కిలోలు, మనుషులం నలుగురం. రాళ్ళ దారి, ఒర్రెలు (చిన్న వాగులు), తుమ్మముళ్ళు. రెండు నెలల్లో రెండు టైర్లు పక్కగోడ చీలిపోయాయి. ఏ టైరు తీసుకోవాలో, ఒర్రె దాటేటప్పుడు ఏ గేరో చెప్పండి. (ఉట్నూరు)

జవాబు: చెల్లెమ్మా, ముందు మీరు చేసే పనికి దండం. మీ టైర్లు చీలింది టైరు గాడి తప్పు వల్ల కాదని నాకు అనిపిస్తోంది, బరువు లెక్క వల్ల. టైరు పక్కన సైజు పక్కనే ఒక అంకె, ఒక అక్షరం ఉంటాయి, 104 ఎస్, 109 ఎస్ లాగా. అక్షరం వేగానికి, అంకె బరువుకు. 104 అంటే ఒక్కో టైరు 900 కిలోలు, 109 అంటే 1,030 కిలోలు మోస్తుంది, అదీ చెప్పినంత గాలి పూర్తిగా ఉన్నప్పుడే. మీ నాలుగు వందల కిలోలూ దాదాపు మొత్తం వెనక ఇరుసు మీద పడుతున్నాయి. బండిని ఒకసారి సామానుతో, మనుషులతో కలిపి ఉట్నూరులోనో ఆదిలాబాద్‌లోనో కాంటా దగ్గరకు తీసుకెళ్ళి, వెనక చక్రాలు మాత్రం కాంటా మీద పెట్టి తూయించండి. వచ్చిన బరువును రెండుతో భాగించి, దాని మీద కనీసం రెండు వందల కిలోలు ఎక్కువ మోసే టైరు తీసుకోండి. ఎల్‌టీ అని రాసి ఉన్న, ఎక్కువ ప్లైల (లోపలి పొరల) పక్కగోడ ఉన్న ఏటీ టైరు మీకు సరైంది. వాటి పక్కగోడ గట్టిగా ఉంటుంది, రాయి అంచు తగిలితే గీత పడుతుంది గానీ అంత సులువుగా చీలదు.

కొనేటప్పుడు డాట్ అని ఉన్న చోట చివరి నాలుగు అంకెలు చూడండి. 2324 అంటే 2024లో 23వ వారం తయారైంది. రంగు మెరుస్తోంది కదా అని నాలుగేళ్ళ పాత టైరు అంటగడితే తీసుకోవద్దు, రబ్బరు గట్టిబడి అదే చోట చీలుతుంది.

రాళ్ళ మీద గాలి ఎంత అన్నది కష్టమైన ప్రశ్న, ఎందుకంటే బరువు లేని బండికైతే తగ్గించమంటాను, మీకు వెనక తగ్గించొద్దు అంటాను. వెనక కంపెనీ చెప్పిన నిండు బరువు గాలి ఉంచి, ముందు మాత్రం 26 దగ్గరకు తెచ్చుకోండి. వేగం తగ్గించండి, అదే ముఖ్యం. టైరు పక్కగోడ చీలేది ఎక్కువగా రాయి పక్క నుంచి దిగేటప్పుడు, అందుకే రాయి కనబడితే తప్పించి పక్కన రాసుకుంటూ పోవడం కన్నా నెమ్మదిగా టైరు నడుమ భాగం దాని మీదికి ఎక్కించి దింపడం మంచిది. తుమ్మముల్లు మాత్రం ఏ టైరూ తప్పించుకోదు. ట్యూబ్‌లెస్ అయితే రబ్బరు పుల్ల పెట్టే కిట్టు మీ సంచిలో ఉండాలి, ముల్లు పీకే ముందే కంప్రెసర్ తీసి సిద్ధంగా పెట్టుకోండి.

ఒర్రె సంగతి. దిగే ముందు కర్ర పట్టుకుని ఒకరు నడిచి దాటాలి. నీళ్ళు మోకాలు దాటితే, లేదా పారే ఊపుకు కాలు నిలవకపోతే బండి దించొద్దు, ఎంత అత్యవసరమైనా సరే, మందులు చేతుల మీద మోసుకుపోండి. మోకాలి లోపే ఉంటే ఒడ్డునే ఆగి ఫోర్ లో వేసి, సెకండ్ గేరులో, నడిచే వేగంతో, మధ్యలో క్లచ్ తొక్కకుండా, గేరు మార్చకుండా దాటండి. ఫస్ట్ లో వేస్తే ఇంజన్ అరుస్తుంది, జారే రాయి మీద చక్రం తిరిగిపోతుంది. దాటాక రెండు మూడుసార్లు బ్రేకు మెల్లగా తొక్కి ఆరబెట్టండి. వేడెక్కిన హౌసింగ్ చల్లటి నీళ్ళలోకి దిగితే లోపలి గాలి ముడుచుకుని సీళ్ళ సందుల్లోంచి నీళ్ళను పీలుస్తుంది, దాన్ని ఆపడానికి పైన చిన్న బ్రీదర్ (గాలి ఆడే దారి) ఉంటుంది, అది మట్టితో పూడకుండా చూసుకోండి. వానాకాలంలో ప్రతి నెలా హౌసింగ్ కింద బోల్టు కాస్త వదులు చేసి నాలుగు చుక్కలు చూడండి. ఆయిలు తేనె రంగులోనో నల్లగానో ఉంటే సరే, పాలు కలిపిన చాయ్‌లా ఉంటే ఆ రోజే మార్పించండి, మరుసటి శిబిరం దాకా ఆగొద్దు.

జాకీ కింద పెట్టడానికి అడుగు పొడుగు, అడుగు వెడల్పు ఉన్న మందపాటి చెక్క పలక ఒకటి సీటు వెనక వేసుకోండి. ఒర్రె ఒడ్డున మెత్తటి నేల మీద నాలుగు వందల కిలోల సామానుతో ఉన్న బండిని లేపేటప్పుడు జాకీ భూమిలోకి దిగుతుంది, బండి లేవదు.